గండుచీమలకు ఎనభై రూపాయల ఇల్లు: ప్రాజెక్టు డైరీ

జూన్ 9

నిన్న మృగశిర కార్తె. సాయంత్రం అరగంట గట్టి వాన పడింది. వాన వెలిసి మళ్లీ ఉక్కపోత మొదలవగానే మా గల్లీలో వీధి దీపం కింద ఉసిళ్లు కుప్పలుగా రాలాయి. వాటి మధ్య నేను రెండు వారాలుగా ఎదురుచూస్తున్నవి కూడా కనిపించాయి. రాణి గండుచీమలు.

ఉసిళ్లు చెదపురుగుల జాతి, చీమలు కావు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము మందం, మీసాలు తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము దారంలా సన్నం, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. గండుచీమ రాణి ముప్పావు అంగుళం దాకా ఉంటుంది, వీపు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. రెక్కలు ఊడిపోయి గోడ వారగా హడావిడిగా నడుస్తోందంటే చాలా వరకు జతకట్టడం అయిపోయి, గూడు కోసం చోటు వెతుకుతున్నట్టే. అలాంటివి ఏడు దొరికాయి.

నాది దేవరకొండ రోడ్డు వైపు అద్దాలు, అల్యూమినియం పార్టిషన్ల పని. మా అమ్మాయి ఏడో తరగతి. చీమలను పెంచుకునే గాజు ఇల్లు కావాలని పోయిన ఏడాది నుంచి అడుగుతోంది. ఆన్‌లైన్‌లో చూస్తే అరచేయంత యాక్రిలిక్ పెట్టె రెండు వేల పైమాటే. అందులో ఉన్న సరుకు ఎంతో నాకు తెలుసు, రోజూ అదే కోస్తాను. ఆ డబ్బు మా అమ్మాయి క్లాసులో ఏ పిల్ల ఇంట్లోనూ చీమల కోసం ఇవ్వరు. అందుకే లెక్క రాసుకున్నాను: ఖర్చు వంద లోపు ఉండాలి, సరుకంతా నల్లగొండలో దొరకాలి, బడి పిల్లలు పెద్దవాళ్ల సాయంతో చేసుకోగలగాలి.

ఇప్పటికైతే ఏడు రాణులూ ఏడు గాజు పరీక్ష నాళికల్లో ఉన్నాయి. ఒక్కోటి పదిహేను రూపాయలు. మూడో వంతు నీళ్లు పోసి, దూదితో గట్టిగా బిగించి, రాణిని వదిలి, మూతి దగ్గర ఇంకో దూది ఉండ పెట్టాను. నీళ్ల దూది నుంచి తేమ వస్తుంది, బయటి దూది గుండా గాలి వస్తుంది. నంబర్లు రాసి, నల్ల గుడ్డ చుట్టి ఫ్రిజ్ మీద పెట్టాను.

జూన్ 13

ఐదింటిలో గుడ్లు. ఆవగింజ కంటే చిన్నవి, తెల్లగా, ఒక ముద్దలా.

జూన్ 27

రెండో నంబరు రాణి గుడ్లన్నీ తినేసింది. తప్పు ఫ్రిజ్‌ది. కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా పైనున్నవన్నీ సన్నగా అదురుతాయి. మనకు తెలియదు, కాళ్లతో అదురును పసిగట్టే చీమకు అది భూకంపం. బెదిరిన రాణి గుడ్లు తిని ఒంట్లో బలం మిగుల్చుకుంటుంది. నాళికలన్నీ బీరువా అడుగు అరలోకి మార్చాను. ఆదివారం ఒక్కసారే చూడాలని ఇంట్లో అందరికీ చెప్పాను.

తిండి ఏం పెడుతున్నారని మా అమ్మ రోజూ అడుగుతోంది. ఏమీ పెట్టట్లేదు. గండుచీమ రాణి మొదటి పిల్లలు బయటికి వచ్చేదాకా తినదు. ఎగరడానికి వాడిన రెక్కల కండరాలు ఇక అక్కర్లేదు కాబట్టి అవే లోపల కరిగి దానికీ పిల్లలకూ ఆహారమవుతాయి. ఈ సంగతి చెబితే అమ్మ చాలాసేపు ఆ నాళిక వైపే చూస్తూ కూర్చుంది.

జూలై 17

నాలుగో నంబరులో మొదటి పనిచీమ! పట్టిన నాటికి ముప్పై తొమ్మిదో రోజు. మామూలు గండుచీమలో సగం కూడా లేదు, ఒళ్లు ఇంకా లేత గోధుమ రంగే. మొదటి ఈడు పనిచీమలు ఇంతే ఉంటాయి. రాణి తన ఒంట్లో ఉన్నదే పంచి పెంచినవి కదా.

ఐదో నంబరు రాణి చనిపోయింది. ఆరో నంబరు గుడ్లు పెడుతోంది కానీ ఏవీ పిల్లలయ్యేలా లేవు. దాన్ని దొరికిన చోటే వదిలేశాం. మిగిలినవి ఐదు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఏడు.

జూలై 24

మొదటి ఇల్లు. నాకు చేతనైన పనితోనే మొదలుపెట్టాను. రెండు గాజు పలకలు, మధ్యలో అర అంగుళం సందు, అంచులకు సిలికాన్, లోపల జల్లించిన ఎర్ర చెల్క మట్టి. జాన్ లబ్బక్ అనే ఇంగ్లండు ఆయన 1870ల నుంచీ చీమలను ఇలాగే గాజు పలకల మధ్య మట్టిలో పెంచాడు. ఆయన దగ్గర ఒక రాణి దాదాపు పదిహేనేళ్లు బతికింది. అద్దాల పనివాడిగా నాకు ఈ మాట చాలా నచ్చింది.

మూడో నంబరును అందులోకి పంపాను. రాణి, నాలుగు పనిచీమలు.

జూలై 26

మూడో నంబరులో ఒక్కటీ మిగల్లేదు.

మా షాపులో వాడే సిలికాన్ గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం. పైపొర అరగంటలో ఆరినట్టు కనిపిస్తుంది కానీ లోపల పూర్తిగా గట్టిపడాలంటే ఒక రోజు పైనే కావాలి, మందంగా కొడితే ఇంకా ఎక్కువ. కిటికీలకైతే గాలికి పోతుంది. మూసిన అర అంగుళం సందులో ఎక్కడికి పోతుంది? పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఈ సంగతి నాకు తెలుసు. అయినా సాయంత్రం అతికించి రాత్రికే చీమలను వదిలాను. పాప ఏడ్చింది. నాకూ అన్నం సయించలేదు.

ఇక మీదట సిలికాన్ వాడితే వారం రోజులు ఎండలో, వాసన పూర్తిగా పోయేదాకా ఉంచాలి. అసలు చీమలుండే గదిలో సిలికాన్ లేకుండా చేయడం ఇంకా మంచిది.

ఆగస్టు 20

రెండో ఇల్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది. పీఓపీ సీలింగ్ పని చేసే తమ్ముడు ఒకతను కిలో పొడి ఇచ్చాడు. పిల్లల క్లేతో గదులు, దారులు చేసి డబ్బా అడుగున అంటించి, రెండు పాళ్ల పొడికి ఒక పాలు నీళ్లు కలిపి పోశాను. పావుగంటలో గట్టిపడింది. క్లే పీకేస్తే గదులు ముచ్చటగా వచ్చాయి. చూపుకు ఇప్పటిదాకా చేసినవాటిలో ఇదే అందమైనది.

కానీ శ్రావణం ముసురులో అది ఆరదు. ఎనిమిది రోజులు ఫ్యాన్ కింద పెట్టి, ఆరిందనుకుని ఒకటో నంబరును పంపితే పదో రోజుకు మూలల్లో నల్ల బూజు. చీమల్లో చాలా రకాలకు ఛాతీ వెనక భాగంలో ఒక గ్రంథి ఉంటుంది. దాని పేరు మెటాప్లూరల్. అందులో ఊరే ద్రవం బూజును, సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. గండుచీమలుండే కాంపోనోటస్ జాతిలో ఎక్కువ రకాలకు ఆ గ్రంథి లేదు. అలాంటి చీమకు బూజు పట్టే ఇల్లు ఇవ్వకూడదు. ఒకటో నంబరును తిరిగి నాళికలోకి రప్పించాను. డబ్బాకు దీపం వెలుగు, నాళికకు నల్ల గుడ్డ పెడితే రాత్రికి రాత్రే పిల్లలను నోట కరుచుకుని అవే మారిపోయాయి. చేత్తో ముట్టుకునే పనే రాలేదు.

సెప్టెంబర్ 6

పానగల్లు వైపు ఒక ఇంటికి కిటికీలు బిగించడానికి వెళ్లాను. గోడలన్నీ తెల్లని తేలిక ఇటుకలు, ఏఏసీ బ్లాకులు. విరిగిన ముక్కలు మూలన కుప్ప పోసి ఉన్నాయి. ఒకటి తీసుకుని నీళ్ల బకెట్‌లో ముంచి చూస్తే స్పాంజిలా పీల్చింది. గోరుతో గీస్తే గీత పడుతోంది. సుమారు పది ముక్కలు బండికి కట్టుకుంటుంటే మేస్త్రీ అడిగాడు.

“ఎందుకన్నా అవి? ఏం కడుతున్నవ్?”

“చీమలకు ఇల్లు.”

ఆయన నవ్వలేదు. చేతిలోని తాపీ పక్కన పెట్టి, “నీళ్లెట్ల పెడతవ్ మరి?” అన్నాడు. సరైన ప్రశ్న అదొక్కటే. ఈ మూడు నెలల్లో నాకు అర్థమైంది కూడా అదే. గాజు, నున్నటి అంచులు, రంగులు, ఇవన్నీ చూసే మన కోసం. చీమకు ఇల్లంటే తేమ. తేమ ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా ఉండాలి, ఎక్కడ ఉండాలో అదే ఎంచుకోవాలి.

పైపుతో పోస్తానని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “పైనుంచి పోస్తే మొత్తం తడుస్తది. అడుగున తడి ఇసుక పెట్టు. చెమ్మ అదే ఎక్కుతది. మనిషి ఇంటికి చెమ్మ ఎక్కొద్దనే కదా మేం తిప్పలు పడేది.”

(ఇది తర్వాత చేర్చింది.) ఆ మాట అప్పుడు పూర్తిగా పట్టించుకోలేదు. దాని గురించి మే నెలలో రాయాల్సి వచ్చింది.

సెప్టెంబర్ 14

బ్లాకు పని ఇలా చేశాను. పాత హ్యాక్సా బ్లేడుతో ఆరు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు, రెండు అంగుళాల మందం ముక్క కోశాను. పెన్సిల్‌తో గదులు గీసి, అరిగిపోయిన స్క్రూడ్రైవర్‌తో తొలిచాను. గది లోతు పన్నెండు మిల్లీమీటర్లు, దారి వెడల్పు ఎనిమిది. దుమ్ము చాలా వస్తుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలు చేస్తే తప్పనిసరిగా తడిపి తొలవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తొలిచాక నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఒక రోజు నానబెట్టి, రెండు రోజులు ఎండబెట్టాలి.

మీద నాలుగు మిల్లీమీటర్ల గాజు ముక్క పెట్టి, అంచులు నూరి, రెండు రబ్బరు బ్యాండ్లు వేశాను. సిలికాన్ అక్కర్లేదు. గాజు మీద ఎర్ర జిలేటిన్ పేపర్ వేశాను. చీమల కళ్లకు ఎరుపు సరిగా ఆనదు, వాటికి అది చీకటిలా ఉంటుంది, మనకు లోపల కనిపిస్తుంది. పుస్తకాల షాపులో ఒక షీటు ఐదు రూపాయలు, నాలుగు ఇళ్లకు సరిపోతుంది.

చీమలు తిరగడానికి ఇంటి పక్కన ఆరుబయలు లాంటిది కావాలి. అరకిలో స్వీటు డబ్బాకు బెజ్జం పెట్టాను. బ్లాకుకూ డబ్బాకూ మధ్య గొట్టం కోసం ముందు ఆసుపత్రి సెలైన్ పైపు ప్రయత్నించాను, మరీ సన్నం. గండుచీమల్లో తర్వాత పెద్ద తలకాయలవి పుడతాయి, వాటికి పట్టదు. చివరికి మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు కుదిరింది. లోపలి వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు, పారదర్శకంగా ఉంటుంది, అడుగు ముక్క పది రూపాయలు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే చాలు.

సెప్టెంబర్ 29

పెద్ద పొరపాటు, పరిమాణంలో. నాలుగో నంబరులో పదకొండు పనిచీమలున్నాయి. వాటికి ఎనిమిది గదుల బ్లాకు ఇచ్చాను, ప్రేమ కొద్దీ. రాణి ఆ గదుల్లోకి వెళ్లనే లేదు, లెవెల్ పైపులోనే కూర్చుంది. దూరపు గదులు మూడింటిని చెత్తకుప్పలుగా వాడుకున్నాయి. తినగా మిగిలిన పురుగుల కాళ్లు, రెక్కలు అక్కడే పడేశాయి, వాసన మొదలైంది. తమ ఒళ్లు రాసుకునేంత చోటులోనే చీమకు ధైర్యం.

మన దగ్గర ఇల్లు కట్టేవాళ్లు ముందు కింద రెండు గదులు వేసుకుని, స్లాబు మీద ఇనుప చువ్వలు పైకి వదిలేస్తారు, డబ్బు చేతికొచ్చినప్పుడు పై అంతస్తు వేద్దామని. చీమల ఇంటికీ అదే పద్ధతి పెట్టాను. రెండు గదుల చిన్న బ్లాకు. పక్కన ఒక బెజ్జం తొలిచి దూదితో మూసి ఉంచుతాను. కాలనీ పెరిగాక ఆ దూది తీసి లెవెల్ పైపుతో ఇంకో రెండు గదులు తగిలించాలి. చీమలు ఎన్ని ఉంటే అంత ఇల్లు. పైగా పిల్లలకు ఒకేసారి డబ్బు పెట్టే బాధ కూడా లేదు.

నాలుగో నంబరు ఈ చిన్న ఇంట్లోకి ఒక్క రాత్రిలో దిగింది. తడి వైపు గదిలో గుడ్లు, వాటిలోంచి వచ్చిన చిన్న పురుగులు. పొడి వైపు గదిలో గోధుమ రంగు గూళ్లు, అంటే పురుగు చీమగా మారే ముందు పట్టుపురుగులా తన చుట్టూ అల్లుకునేవి. జనం చీమ గుడ్లు అనుకునేవి చాలాసార్లు ఈ గూళ్లే. తడి ఎవరికి, పొడి ఎవరికి అని వాటికి ఎవరూ చెప్పలేదు!

అక్టోబర్ 25

రెండో నంబరు, ఏడో నంబరు బ్లాకులు ఒకే రోజు చేసినవి, ఒకే ముక్క నుంచి కోసినవి. రెండో దానికి మా బోరు నీళ్లు, ఏడో దానికి ఫిల్టర్ నీళ్లు పోస్తున్నాను. నెల తిరిగేసరికి రెండో దాని గోడల మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్ల పొర వచ్చింది. గాజు కూడా మసకబారింది. ఏడో దాని మీద వేలితో తుడిస్తే పోయేంత మాత్రమే.

నల్లగొండ నీళ్ల సంగతి ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు కొత్తగా చెప్పాలా. మా అమ్మ పళ్ల మీద గోధుమ రంగు చారలు ఫ్లోరైడ్ వల్ల వచ్చినవే. పటికా సున్నమూ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. బ్లాకు మీది తెల్ల పొర ఫ్లోరైడ్ కాదు, నీళ్లలో కరిగి ఉండే కాల్షియం లాంటి లవణాలు. బ్లాకు నీళ్లు పీల్చి గాలిలోకి వదిలేస్తుంది, లవణాలు అక్కడే మిగిలిపోతాయి. పూట పూటా అలా పేరుకుంటే బ్లాకు రంధ్రాలు మూసుకుపోయి చెమ్మ పీల్చడం తగ్గుతుంది. మా జిల్లాలో ఈ ఇల్లు చేసుకునేవాళ్లు బోరు నీళ్లు పోయవద్దు. ఫిల్టర్ నీళ్లో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లో వాడాలి. వారానికి పట్టేది నాలుగు చెంచాలే.

నవంబర్ 18

రాత్రి ఒకటో నంబరు పనిచీమలు తప్పించుకుని వంటింట్లో బెల్లం డబ్బా దాకా వెళ్లాయి. డబ్బా పై అంచుకు లోపలి వైపు రెండు చెంచాల స్పిరిట్‌లో ఒక చెంచా టాల్కం పౌడర్ కలిపి బ్రష్‌తో పూస్తున్నాను. ఆరాక మిగిలే పొడి మీద చీమ కాలు నిలవదు, జారి కింద పడుతుంది. చక్కటి ఉపాయమే కానీ వానాకాలం తేమకు మూడు వారాల్లోనే పట్టు పోతుంది. కొబ్బరి నూనె కూడా పూసి చూశాను. చలి రాత్రికి గడ్డకట్టింది, చీమలు దాని మీద నుంచే దాటాయి. చివరికి మళ్లీ పౌడరే, కాకపోతే పదిహేను రోజులకోసారి కొత్తగా పూయాలని క్యాలెండర్ మీద రాసుకున్నాం.

అమ్మ ఆ చీమలను చీపురుతో ఊడ్వలేదు. ఒక కాగితం మీదికి ఎక్కించి, “నీ పిల్లలు వచ్చినయ్ రా, తీస్కపో” అని నన్ను నిద్ర లేపింది.

జనవరి 11

చలికి అన్నీ నెమ్మదించాయి. రాణులు గుడ్లు తగ్గించాయి. తిండి వారానికి ఒకసారే.

తిండి గురించి ఒక మాట. పనిచీమలకు తీపి కావాలి, ఎదిగే పురుగులకు మాంసం కావాలి. బెల్లం నీళ్లు చుక్క, జూన్‌లో పట్టి ఫ్రీజర్‌లో పెట్టిన ఉసిళ్లు, దోమల బ్యాట్‌కు తగిలి చచ్చిన ఈగలు. మందు కొట్టిన బొద్దింకను ఎప్పుడూ పెట్టకూడదు, ఒక్కటి చాలు కాలనీ మొత్తం పోవడానికి. మిగిలింది మర్నాడే తీసేయాలి.

మార్చి 3

లెక్క తేలింది. లెవెల్ పైపు 10, గాజు ముక్క 30, స్వీటు డబ్బా 10, జిలేటిన్, దూది, పౌడర్, స్పిరిట్, రబ్బరు బ్యాండ్లు కలిపి 15, నాళిక 15. మొత్తం 80. బ్లాకు ముక్క ఉచితం. మా అమ్మాయి బడిలో సైన్స్ మేడమ్ అడిగితే ఐదు చేసి ఇచ్చాను. రాణులు ఇవ్వలేదు. వాటిని పిల్లలే మన నేల మీద, మన వానకు పట్టుకోవాలి. దూరం నుంచి కొరియర్‌లో తెప్పించిన చీమ తప్పించుకుంటే ఇక్కడి చీమలకే ముప్పు. పట్టినది పెంచలేకపోతే దొరికిన చోటే వదలాలి.

ఏప్రిల్ 30

మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలు. బ్లాకులు పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతున్నాయి. రాణులు తడి గదిలో గోడకు అతుక్కుని ఉంటున్నాయి. ఏడో నంబరులో నాలుగు గూళ్లు ఎండిపోయాయి. టెన్షన్‌గా ఉంది.

మే 12

మేస్త్రీ చెప్పిన మాట ఇప్పుడు పని చేసింది. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు అంగుళాల ఇసుక పోసి, ఫిల్టర్ నీళ్లతో తడిపి, బ్లాకును అందులో నిలబెట్టాను. మొత్తం రంజన్ (నీళ్ల కుండ) పక్కన, నేల మీద. చెమ్మ అడుగు నుంచి పైకి ఎక్కుతోంది. కింద గది తడి, పై గది పొడి. మూకుడు మట్టిలోంచీ ఇసుకలోంచీ నీరు ఆవిరవుతుంటే దాని చుట్టూ చల్లగా ఉంటోంది. థర్మామీటర్ పెట్టి చూశాను: మధ్యాహ్నం రెండున్నరకు గదిలో 39, బ్లాకు పక్కన ఇసుకలో 31. కరెంటు ఖర్చు లేదు. నీళ్లు రెండు రోజులకోసారి ఒక గ్లాసు.

మే 26

నిన్న రోహిణి కార్తె మొదలైంది. నాలుగు కాలనీలూ బతికే ఉన్నాయి. నాలుగో నంబరులో లెక్కపెట్టగలిగినవి డెబ్బై దాకా ఉన్నాయి, మొదటి పెద్ద తలకాయ చీమ ఇవాళ కనిపించింది. పై గది చాలడం లేదు. దూది తీసి రెండో బ్లాకు తగిలించాలి. కానీ రెండో బ్లాకు కూడా ఇసుకలో నిలబడాలంటే పక్క బెజ్జం ఇప్పుడున్న ఎత్తులో పనికిరాదు, రెండు అంగుళాల ఇసుకలో మునిగిపోతుంది. బెజ్జం పైన మూడో అంగుళం దగ్గర తొలవాలి. బడికి ఇచ్చిన ఐదింటికీ ఈ మార్పు చేయాలి. రేపు ఆదివారం కాదు కానీ, పొద్దున షాపు తెరిచే ముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని మేడమ్ వాళ్లింటికి వెళ్లొస్తాను.